లాంచీ చక్రానికి వంకాయరంగు తొడుగు

నా దుకాణానికీ నా ఇంటికీ మధ్య కిలోమీటరున్నర గోదావరి ఉంది. ప్రభుత్వం వారి లాంచీ ఎక్కితే పద్దెనిమిది నిమిషాలు. లాంచీ లేకపోతే వంతెన మీదుగా నలభై ఒక్క కిలోమీటర్లు: రెండు బస్సులు, ఒక ఆటో, మూడు గంటలు. ఈ రెండు లెక్కలూ ముందే చెప్పేస్తున్నాను. తరువాత జరిగినదంతా ఈ రెండింటి మధ్యనే జరిగింది.

నా పేరు కామేశం. రామన్నరేవులో సీటుకవర్ల శెట్టి అంటే ఎవరైనా చూపిస్తారు. ఆటోలకు, లారీలకు, ట్రాక్టర్లకు సీటు కవర్లు, స్టీరింగు కవర్లు కుట్టడం నా వ్యాపారం. దేన్ని చూసినా ముందు దాని చుట్టుకొలత కళ్ళకు కడుతుంది. పెళ్ళిచూపుల్లో మా రత్నమాల కూర్చున్న కుర్చీకి మీటరుంపావు రెక్సిను పడుతుందని తోచింది. తోచినదాన్ని పైకి అనేశాను కూడా. ఇరవై ఆరేళ్ళయినా ఆవిడ ఆ మాట మరచిపోలేదు.

ఆ ఏడాదిని ప్రభుత్వం కరతల సౌఖ్య సంవత్సరంగా ప్రకటించింది. ఎవరో పెద్ద అధికారి రోహిణి ఎండలో జీపు స్టీరింగు మీద చెయ్యి వేశాడనీ, ఆ చెయ్యి ఊదుకుంటూ నూట పన్నెండు పేజీల నివేదిక రాయించాడనీ చెప్పుకున్నారు. అరచేయి సుఖంగా ఉంటే బుర్ర సుఖంగా ఉంటుందనీ, బుర్ర సుఖంగా ఉంటే ప్రజలు సుఖంగా ఉంటారనీ ఆ నివేదిక సారాంశం. దాని వెనకాలే ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ వాహనాలన్నిటి చోదక చక్రములకు తొడుగు తొడగవలెను. చక్రము ఏ భాగమూ బయటికి కనిపించరాదు. తొడుగు అన్ని భాగములందు ఒకే తీరున ఉండవలెను. తొడుగు లేని వాహనము కదలరాదు.

రాసినవాళ్ళు జీపులను తలుచుకుని రాశారు. మా రేవులో ఉన్న పద్నాలుగు జీపులకూ నేనే వారం రోజుల్లో కవర్లు వేశాను. అక్కడితో తీరిపోవలసిందే. కానీ పైకి పంపే నివేదికలో 'జలవాహనములు' అని ఒక గడి ఉంది. అందులో మా రేవు ఆఫీసువాళ్ళు 'లేవు' అని రాయకుండా, నిజాయితీగా 'ఒకటి, తొడుగు లేదు' అని రాశారు. మర్నాడు పొద్దున్నే రామన్నరేవు నుంచి మా ఇల్లున్న మువ్వలంకకు వెళ్ళే లాంచీని గుంజకు కట్టేశారు.

గుంజకు ఒక అట్ట వేలాడదీశారు. 'కరతల సౌఖ్య కారణముల దృష్ట్యా లాంచీ నిలిపివేయడమైనది' అని. ఎర్రనీరు దిగే రోజులు; నాటుపడవలు వెయ్యకూడదని అప్పటికే నిషేధం ఉంది. అందుచేత మువ్వలంకలోని నాలుగు వందల గడప ఇవతలికి రావాలంటే నలభై ఒక్క కిలోమీటర్లు.

సరంగు కొల్లాటి అబ్బులు అట్ట కింద మెట్టు మీద కూర్చున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ లాంచీ నడిపినవాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా ఉన్నాడు. లంకలో కనకాంబరాలు, మల్లెలు పండించి రోజూ మొదటి లాంచీకి మార్కెట్టుకు తెచ్చే సూరీడమ్మ, అవతలి ఒడ్డు నుంచి బస్సుల మీద చుట్టుతిరిగి వచ్చి, వాడిన పూలబుట్ట దించింది.

"ఏంటి అబ్బులన్నా, నీ సేతులకి సుకం లేదంట? ముప్పై ఏళ్ళ నుంచి సెప్పలేదేంటి మాకు?"

"నాకూ తెల్దమ్మా. కాయితం సూసేకే తెలిసింది," అన్నాడు అబ్బులు.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాను. రత్నమాల చల్లారిన పులుసు వడ్డించి, ఊళ్ళో జీపులన్నిటికీ తొడిగినవాళ్ళు ఆ ఒక్క లాంచీకి తొడగలేరా, దిండుకు గలీబు వేసినంత పనికదా అంది. లెక్క సరిగ్గానే ఉంది. రోజుకు ఎనభై రెండు కిలోమీటర్లు తిరిగే మనిషికి ఒక కవరు నష్టానికైనా కుట్టి ఇవ్వడం లాభమే. మర్నాడు నేనే కరతల సౌఖ్య ప్రాంతీయ సమన్వయాధికారి పద్మనాభరావుగారి దగ్గరికి వెళ్ళాను.

పద్మనాభరావుగారు మంచివారు. కోపం లేదు, లంచం లేదు, తొందర అసలే లేదు. మాట్లాడేటప్పుడు ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నట్టు మాట్లాడతారు. ఆయన పక్కన జూనియర్ అసిస్టెంటు భానుమూర్తి నిజంగానే కూర్చుని రాసుకుంటూ ఉంటాడు.

నల్ల రెక్సిను, గాడి పోసినది, నీళ్ళు నిలవవు, రెండు రోజుల్లో తొడిగేస్తానన్నాను.

"కామేశంగారూ, మీరు వస్తువుతో మొదలుపెడుతున్నారు," అన్నారు ఆయన. "ప్రభుత్వం అనుభూతితో మొదలుపెడుతుంది."

అనుభూతికి నలుగురు సభ్యులతో ఎంపిక సంఘం వేశారు. ఆయన అధ్యక్షుడు, భానుమూర్తి కార్యదర్శి, మిగిలిన ఇద్దరు ఇతర శాఖల నుంచి అరచేతులు అరువిచ్చినవారు. ఆరో రోజున నా దుకాణానికి వచ్చారు. రంగు చూసి మోసపోకూడదని నలుగురూ జేబురుమాళ్ళు కళ్ళకు కట్టుకున్నారు. నేను పొడవాటి బల్ల మీద పది రకాల ముక్కలు వరసగా పరచి, ఒక్కొక్కటీ తడిమి పదికి ఎన్ని మార్కులో చెప్పమన్నాను. భానుమూర్తి కళ్ళకు గంతలతోనే రాసుకున్నాడు.

నల్ల రెక్సినుకు నాలుగు వచ్చాయి. జీపులకు వేసిన తోలుకు అయిదు. ఆరో ముక్కకూ ఏడో ముక్కకూ మధ్య నా దుకాణంలో ఎలుకల కోసం పెంచే పిల్లి వచ్చి కూర్చుంది. తోలేలోగానే ఎనిమిది అరచేతులూ దాని మీద పడ్డాయి.

"ఇది," అన్నారు పద్మనాభరావుగారు, గొంతు తగ్గించి, "ఇందులో ఒక వెచ్చదనం ఉంది."

నలుగురూ పదికి పది వేశారు. ప్రభుత్వ సంఘంలో ఏకగ్రీవం చూడడం నాకు అదే మొదటిసారి. గంతలు విప్పేలోగా ఏడవ నమూనా అటకెక్కేసింది. అది పిల్లి అని చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎలాగైనా తప్పించుకునేవాడినేమో గానీ, సరుకు గురించి అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. పద్మనాభరావుగారు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని, మూలం ఏదైనా మార్కులు మార్కులేననీ, నమోదైన సౌఖ్యాన్ని వెనక్కి తీసుకునే వీలు నియమాల్లో లేదనీ అన్నారు. కాబట్టి తొడుగు ఏడవ నమూనాకు తగ్గని మెత్తదనంతో ఉండాలి.

అంత మెత్తనిది నా దగ్గర ఒక్కటే ఉంది: బొచ్చు గుడ్డ. లారీవాళ్ళు కొంటారని ఎప్పుడో తెప్పించాను. ఎర్రదీ పచ్చదీ అమ్ముడుపోయి, ఎవరూ ముట్టని వంకాయరంగు తాను తొమ్మిదేళ్ళుగా అటక మీద ఉంది. పిల్లి పడుకునేది దాని మీదే. అది నీళ్ళు పీలుస్తుందనీ, లాంచీ మీద నీళ్ళు ఉంటాయనీ మనవి చేశాను. నీటి విషయం నీటిపారుదల శాఖ చూసుకుంటుందన్నారు.

కొలతలకు వెళ్ళాను. నా వ్యాపారంలో అప్పటిదాకా గుండ్రంగా లేని స్టీరింగు చూడలేదు. లాంచీ చక్రం పాత టేకుది. అడ్డంగా మూడడుగులు, చుట్టూ నూట పదమూడు అంగుళాలు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ చుట్టు నుంచి ఎనిమిది పిడులు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ అయిదంగుళాలు. గుండ్రని తొడుగు దాని మీద ఏ పక్కనుంచీ ఎక్కదు. 'ఏ భాగమూ బయటికి కనిపించరాదు' అన్న మాట ఉంది గనుక పిడుల్ని వదిలెయ్యడానికీ లేదు. పద్మనాభరావుగారు పిడులు రంపంతో కోయించేస్తే ఎలా ఉంటుందని అడిగారు.

"ఆయ్, కోయించండి," అన్నాడు అబ్బులు. "నా సేతి ఏళ్ళు కూడా కోయించెయ్యండి. మళ్ళీ వాటితో పనేం ఉంటాది?"

ఈ సూచనను భానుమూర్తి రాసుకోబోతే ఆయన వద్దన్నారు.

నేను మూడు రోజులు ఆలోచించి, చంటిపిల్లల చొక్కా చేతులు కుట్టినట్టు ఎనిమిది చేతులు కుట్టాను. చక్రం చుట్టుకు ఒక నడుము, దానికి ఎనిమిది చేతులు, లోపలి పక్కన కనిపించని కుట్టు. నా కుట్టు గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఆ ఎనిమిది చేతుల్లో ఏది ఏదో నాకే తెలియనంత సమంగా వచ్చాయి. పదకొండో రోజున తొడగడానికి వెళ్ళాను. అబ్బులు సంతకాలకని ఆఫీసుకు వెళ్ళాడు. ఏడు పిడులకు తొడుగు చొక్కా చేతిలా నున్నగా ఎక్కింది. ఎనిమిదోది ఎక్కలేదు. చూస్తే, ఆ పిడికి పాత పురికొస గట్టిగా చుట్టి ముడి వేసి ఉంది; జిడ్డు పట్టి, నల్లబడి, కర్రలో కలిసిపోయింది. ఎప్పుడో పిడి చీలితే చుట్టి ఉంటారనుకున్నాను. చీలిక ఏమీ లేదు. కత్తెర పెట్టి కోసేశాను. ఎనిమిదోదీ ఎక్కింది. దేన్నీ పారెయ్యని అలవాటు కొద్దీ ఆ పురికొస జేబులో వేసుకున్నాను.

పని అయ్యాక వెనక్కి జరిగి చూశాను. వంకాయరంగు బొచ్చుతో, ఎనిమిది చేతులు బార చాపుకుని అది నన్ను చూసింది. ఒడ్డున గుమిగూడిన లంకవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. సూరీడమ్మ ముందుకు వచ్చింది.

"దీన్ని సూత్తుంటే మందు కొట్టాలనిపిస్తంది శెట్టిగారూ. ఇలాంటి పురుగులే నా మొక్కలకి పట్టి పోయినేడు పూవంతా తినేసినియ్యి."

అబ్బులు వచ్చి చూశాడు. చక్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. అలవాటు కొద్దీ పిడి మీద చెయ్యి వేయబోయి, పక్కనున్న పద్మనాభరావుగారిని చూసి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పరీక్షా ప్రయాణం. దానికి ముందు ఒక చిక్కు వచ్చింది. సరంగు చేతులకు ఇంజను నూనె ఉంటుందని భానుమూర్తి గమనించాడు. తొడుగు ప్రభుత్వ ఆస్తి. అరచేతుల సౌఖ్యానికి వేసిన తొడుగును అరచేతులే పాడు చేస్తే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. గంటన్నర చర్చించి, సరంగు సబ్బుతో చేతులు కడుక్కుని, పదకొండు నిమిషాలు ఆరబెట్టుకుని, ఊలు చేతితొడుగులు వేసుకుని మాత్రమే చక్రాన్ని ముట్టాలని తీర్మానించారు. అబ్బులు చేతులు పైకెత్తి పదకొండు నిమిషాలు నిలబడ్డాడు. పోలీసులు పట్టుకున్నట్టుంది వాలకం.

లాంచీ కదిలింది. రేవు దాటి నడిగోదారిలోకి వెళ్ళి, ఎడమకు తిరిగి, ఇంకా తిరిగి, మళ్ళీ రేవు వైపే వచ్చింది. అక్కడ నుంచి మళ్ళీ ఎడమకు. మొదటి చుట్టు చూసి సంఘం సభ్యులు చప్పట్లు కొట్టారు. రెండో చుట్టుకు పద్మనాభరావుగారు ప్రారంభోత్సవానికి ప్రదక్షిణ చెయ్యడం సంప్రదాయమే కదా అన్నారు. మూడో చుట్టుకు ఆయన కమ్మీ పట్టుకున్నారు. నేను ఒడ్డున మెట్ల మీద ఉన్నాను. మా ఇల్లున్న ఒడ్డు మూడుసార్లు లాంచీ ముందుకు వచ్చి మూడుసార్లు పక్కకు పోయింది. చివరికి అబ్బులు ఎలాగో దాన్ని తెచ్చి రేవు మెట్టుకు గుద్ది ఆపాడు.

సంఘం దిగి నివేదిక రాయడానికి వెళ్ళిపోయింది. 'వృత్తాకార గమనమునకు కారణములు తేలువరకు' అంటూ అట్ట మళ్ళీ వేలాడింది. నేను లాంచీ ఎక్కి అబ్బులు పక్కన కూర్చున్నాను. ఊలు తొడుగుల్లో అతని చేతులు చెమటకు తడిసి ఉన్నాయి.

"ముడి ఏది శెట్టిగారూ?" అన్నాడు.

జేబులోంచి తీసి చూపించాను. అతను దాన్ని తీసుకోలేదు.

"ఆ పిడి పైనుందంటే చుక్కాని తిన్నగా ఉన్నట్టండి. నేను సక్రాన్ని సూడను గదా. నీళ్ళకేసి సూత్తాను. తిప్పుతుంటే ముడి సేతిలోంచి ఎన్నిసార్లు పోయిందో అరసెయ్యే లెక్కెట్టుకుంటాది. మా నాన్న కట్టిందండి అది."

"మరి నిన్ననే చెప్పొద్దూ, అబ్బులూ?"

"ఏమని సెప్పమంటారు? ఎవురూ అడగలేదు. ఈరోజు దాకా నేనూ అనుకోలేదు, దాంతోనే నడుపుతున్నానని."

నా జన్మలో నేను లెక్కతప్పి కత్తిరించినవి మూడు. ఒకటి లారీ టార్పాలిను, ఒకటి మా బావమరిది పెళ్ళి సఫారీ గుడ్డ. మూడోది ఇది. మొదటి రెండూ నా గుడ్డలే, నా నష్టాలే. ఇది ఇంకొకరి లెక్క. ఆ రాత్రి బస్సులో నలభై ఒక్క కిలోమీటర్లూ దాన్ని తలుచుకుంటూనే వెళ్ళాను.

ముడిని తొడుగు పైన కట్టనివ్వమని అడిగాను. తొడుగు మీద ఏదైనా ఉంటే అది తొడుగుకు తొడుగవుతుందనీ, దానికి వేరే మంజూరు కావాలనీ అన్నారు. ఆ ఒక్క చేతికి వేరే రంగు వేస్తానన్నాను. ఒకే తీరున ఉండవలెను. ఇక అడగడం మానేసి, పద్నాలుగో రోజున ఒక చేతిలో, బొచ్చు కింద, ఒక కుంకుడు గింజ పెట్టి కుట్టాను. కంటికి కనిపించదు, అరచేతికి తెలుస్తుంది. అబ్బులు ఊలు తొడుగుల మీద నుంచే తడిమి చూసి, ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

తనిఖీకి సంఘం వచ్చింది. నలుగురు సభ్యులు, ఎనిమిది అరచేతులు. చక్రానికి ఎనిమిది పిడులు. ఒక్కొక్క అరచెయ్యి ఒక్కొక్క పిడి పట్టుకుంది. ఇంత పద్ధతిగా తనిఖీ చేస్తారని నా లెక్కలో లేదు. భానుమూర్తి ఎడమచేతి కింద గింజ పడింది. చేతిని తీసి, దానికేసి చూసుకుని, మళ్ళీ పెట్టి, "అయ్యా, ఇక్కడ ఒక అసౌఖ్యం ఉంది," అన్నాడు.

గింజను బయటికి తీయించారు. తెల్ల కాగితంలో చుట్టి లక్కముద్ర వేశారు. 'తొడుగునందు అనధికార గింజ' అని ఒక ఫైలు తెరిచారు. లాంచీ గుంజకే ఉంది. గింజ మీద విచారణ ముగిసేదాకా ప్రయాణం లేదన్నారు. విచారణకు సంఘం వెయ్యాలి, సంఘానికి వృక్షశాస్త్రం తెలిసినవాడు కావాలి.

ఈలోగా లంకలో మల్లెలు చెట్లకే వాడుతున్నాయి. సూరీడమ్మ బుట్టలు తేవడం మానేసింది. బడిపిల్లలు ఇళ్ళ దగ్గరే ఉండిపోయారు. నేను అప్పటికి పదమూడు వందల కిలోమీటర్ల చిల్లర తిరిగాను. ఆ దూరానికి కాశీ చేరి, గంగలో మునిగి, తిరుగుదారిలో ఎక్కడో భోజనం చేస్తూ ఉండవలసినవాణ్ణి. రత్నమాల నా పక్కబట్టలు దుకాణానికి పంపించేస్తానంది. కోపంతో అనలేదు. నా కాళ్ళ వాపులు చూసి అంది.

పదిహేడో రోజు సాయంత్రం అబ్బులు దుకాణానికి వచ్చి టీ తాగుతున్నాడు. చక్రాన్ని చుక్కానికి కలిపే గొలుసు తెగిపోతే అప్పుడెలా నడుపుతావని అడిగాను. ఊరికే అడిగాను. చుక్కాని తలకు దూర్చే ఇనపకర్ర ఒకటి ఉందనీ, వెనక అంచున కూర్చుని దాంతో తిప్పవచ్చనీ, వాళ్ళ నాన్న కాలంలో ఎక్కువగా అలాగే నడిపేవారనీ చెప్పాడు.

"అంటే చక్రం లేకపోయినా లాంచీ నడుస్తుందా?"

"సక్రం లేకపోయినా నడుత్తాదండి. లాంచీ లేకపోతేనే నడవదు."

నేను టీగ్లాసు కింద పెట్టాను.

మర్నాడు పద్మనాభరావుగారి ముందు నిలబడి, ఆయన మాటల్లోనే మనవి చేసుకున్నాను. అయ్యా, తొడుగు మెత్తనిది. మెత్తనిది అరుగుతుంది. వాడితే అరుగుతుంది, ముట్టుకుంటే మాస్తుంది. ఏడవ నమూనా స్థాయి సౌఖ్యం శాశ్వతంగా నిలవాలంటే చక్రానికి శ్రమ లేకుండా చెయ్యాలి. గొలుసు విప్పి చక్రానికి విశ్రాంతి ఇప్పించండి. నడిపే మోటుపని వెనక ఇనపకర్రతో జరుగుతుంది. కర్ర చక్రం కాదు గనుక దానికి తొడుగు అక్కరలేదు.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"ఇన్నాళ్ళుగా మనం చక్రాన్ని పనిముట్టుగా చూశాం," అన్నారు, పక్కన భానుమూర్తి కలం అందుకునేదాకా ఆగి. "అది ఒక సంస్థ."

అబ్బులు ఆ సాయంత్రమే గొలుసు విప్పేశాడు. ఇరవయ్యో రోజు పొద్దున్న లాంచీకి మామిడాకులు కట్టారు. పద్మనాభరావుగారు ఊలు చేతితొడుగులతో చక్రం ముందు నిలబడ్డారు. వేలితో అలా అన్నారో లేదో, చక్రం గిర్రున రెండు చుట్లు తిరిగింది. గొలుసు లేని చక్రం మరి. ఆయన కళ్ళు చెమర్చాయి. తన సర్వీసులో ఇంత సుఖంగా తిరిగిన చక్రం చూడలేదన్నారు. ఇదే కరతల సౌఖ్యమంటే, నివేదిక రాసినవాళ్ళు కూడా ఇంతవరకు ఊహించి ఉండరన్నారు.

వెనక అంచున, పూలబుట్టల మధ్య, అబ్బులు ఇనపకర్ర చంకలో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. లాంచీ బాణంలా వెళ్ళింది. ముందు పద్మనాభరావుగారు కుడికి తిప్పారు, ఎడమకు తిప్పారు, ఒకసారి ఎందుకో పూర్తిగా వెనక్కి తిప్పారు. మధ్యలో ఇసుకతిప్ప వస్తే అబ్బులు ఎడమకు తీశాడు. అప్పటికి ఆయన కుడికి తిప్పుతున్నారు. నదికి ఇంకా కొంత క్రమశిక్షణ అలవడాలన్నారు. పద్దెనిమిదో నిమిషానికి మువ్వలంక రేవు. రత్నమాల ఒడ్డున నిలబడి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. చంటిపిల్లల ఫ్రాకు కుట్టినట్టుందే అంది.

ఈ విజయం మీద పైకి నివేదిక వెళ్ళింది. వాడకం వల్ల తొడుగుకు కలిగిన అరుగుదల: లేదు. చక్రం తిప్పుటలో పొరపాట్ల వల్ల జరిగిన ప్రమాదాలు: లేవు. పైవాళ్ళకు చాలా నచ్చింది. ఇదే పద్ధతిని జీపులకు విస్తరించే విషయం పరిశీలనలో ఉందని విన్నాను. విన్న రోజు నుంచి జీపు శబ్దం వినిపిస్తే నేను రోడ్డు దిగి కాలవగట్టున నడుస్తున్నాను.

పద్మనాభరావుగారు రోజూ రాలేరు గనుక, చక్రం ముందు నిలబడడానికి భానుమూర్తిని వేశారు. చక్ర పర్యవేక్షకుడు అని బల్ల కట్టారు. అతనికి ఈత రాదు. రేవు వదిలినప్పటి నుంచి లంక చేరేదాకా కళ్ళు మూసుకుని తిప్పుతూ ఉంటాడు. తిప్పకపోతే మునుగుతామని నమ్మకం. పాపం, ఎవరూ చెప్పలేదు. అబ్బులు మాత్రం నా దగ్గర నుంచి ఆ పురికొస తీసుకుని ఇనపకర్ర కొసకు చుట్టుకున్నాడు. కర్రకు ముడితో పనిలేదు కదా అన్నాను. చేతికి తోచడం లేదండి అన్నాడు.

అంతా కుదిరిందనుకున్నాను. పోయిన నెలలో టిక్కెట్ల తనిఖీకి ఒకాయన వచ్చాడు. నడిగోదారిలో, వెనక అంచుదాకా వచ్చి, అబ్బులును టిక్కెట్టు చూపించమన్నాడు.

సరంగునని అబ్బులు చెప్పాడు. తనిఖీ ఆయన పుస్తకం తీసి చూపించాడు. చక్రము వద్ద ఉన్నవాడు సరంగు, తక్కినవారు ప్రయాణికులు. చక్రం దగ్గర భానుమూర్తి ఉన్నాడు. అబ్బులు ఉద్యోగం కాగితాల్లో భద్రంగానే ఉందట, చక్రంతోపాటు విశ్రాంతిలో ఉందట. కానీ లాంచీ ఎక్కితే మాత్రం టిక్కెట్టు కొనాలి, లేకపోతే దిగిపోవాలి.

"దింపెయ్యండి," అంది సూరీడమ్మ, బుట్ట సర్దుకుంటూ. "దింపేసి, తవరు కూడా ఆ బొచ్చుపురుగు దగ్గిర నిలబడండి. ఇద్దరూ తిప్పితే తొరగా ఎల్తాదేమో."

తనిఖీ ఆయన నీళ్ళకేసి చూశాడు, నియమాలకేసి చూశాడు. ఏది లోతో తేల్చుకోలేకపోయాడు. నేను జేబులో చెయ్యి పెట్టి అబ్బులు టిక్కెట్టు కొన్నాను.

అప్పటి నుంచి వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, అతని టిక్కెట్లు నేనే కొంటున్నాను. నేను కోసిన ముడి అది, దాని వెల నాదే. సాయంత్రం ఆరింటికి లాంచీ ఎక్కి, కూర్చున్న చోటి నుంచే రెండు వేళ్ళు చూపిస్తాను. నాకొకటి, నన్ను ఇంటికి తీసుకువెళ్ళే ప్రయాణికుడికొకటి.